పదకొండో ఫారం

మా బైండింగ్ షాపులో నన్ను అందరూ చదువులక్క అంటారు. అలాగని పెద్ద చదువేం చదవలేదు. పదో తరగతి గట్టెక్కడానికే నాకు రెండేళ్ళు పట్టింది. షాపులో మేం పన్నెండు మందిమి. పదకొండు మంది కుట్టుకుంటూ, మడుచుకుంటూ, జిగురు రాసుకుంటూ ఉంటే కిటికీ పక్క ఎత్తు స్టూలు మీద కూచుని పుస్తకం పైకి చదివేదాన్ని నేను. ఏడాదీ రెండేళ్ళూ కాదు, తొమ్మిదేళ్ళు. ఆ స్టూలు మీదున్నంతసేపూ నేను ఎవరి భార్యనీ కాను, ఎవరి వదిననీ కాను. నేను గొంతు పెంచితే సూదులు ఆగేవి. ఆ సుఖం ఎక్కినవాళ్ళకి తెలుస్తుంది. దిగినవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది.

మా పద్ధతి ముందు చెప్పాలి. లైబ్రరీల నుంచి చిరిగినవీ తడిసినవీ మా దగ్గరికొస్తాయి. వాటిని విప్పి, ఫారాలు విడదీసి, మళ్ళీ కుట్టి, కొత్త అట్ట కట్టి పంపుతాం. ఫారం అంటే పదహారు పేజీలు పడేలా మడిచిన ఒక పెద్ద కాగితం. అలాంటివి పాతికో ముప్పయ్యో కుడితే ఒక పుస్తకం. వచ్చిన లోడులోంచి ఒక్క పుస్తకాన్ని అందరం కలిసి ఎంచుకుంటాం. అది షాపులో ఉన్నన్నాళ్ళూ పొద్దున గంట, మధ్యాహ్నం గంట పైకి చదువుకుంటాం. ఎవరు తీసిన పుస్తకం నెగ్గితే చదివేది వాళ్ళే. వాళ్ళ వంతు కుట్టుపని మిగతావాళ్ళు పంచుకుంటారు. తొమ్మిదేళ్ళలో నేను తీసిన పుస్తకం ఎప్పుడూ ఓడలేదు. అందుకే స్టూలు నాది.

కొరివితో తల గోక్కోవడం అంటారు కదా, ఏడాది కిందట నేను చేసిన పని అదే. మా తోడికోడల్ని నేనే వెంటబెట్టుకొచ్చి షాపు నడిపే మేస్త్రీకి అప్పగించాను. అది మా మరిది భార్య, నాకంటే పద్నాలుగేళ్ళు చిన్నది. కింద వాటాలో మేం, పైన వాళ్ళు. అంతకుముందు ఒక పత్రికాఫీసులో చిన్న ప్రకటనలు రాసుకునే కౌంటర్లో కూచునేది. ఆ పత్రిక మూతపడితే, పాపం ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూచుంటుందని నాకే జాలేసింది. "మాట మెత్తన, చెయ్యి నెమ్మది, ఫారాలు విప్పడానికి పనికొస్తుంది" అని మేస్త్రీకి నా నోటితోనే చెప్పాను. ఆ నోరు ఆ రోజు నొప్పి పుట్టి మూసుకుపోయినా బాగుండేది.

ఆ నెల వచ్చిన లోడు నాలుగు పెట్టెలు. ఒక పెద్ద లైబ్రరీ కింది గదిలోకి నీళ్ళొచ్చి ఒక అలమారా మొత్తం తడిసిపోయిందిట. పెట్టెల మీద కాగితం అంటించి ఉంది: నల్లజాతి చరిత్ర, జీవిత చరిత్రలు. మొత్తం నలభై మూడు పుస్తకాలు, అన్నీ తెలుగులోకి వచ్చినవే. గడువు ఇరవై ఐదు రోజులు.

"నలభై మూడింట్లో ఒక్కటా? ఇదేం అన్యాయం?" అన్నాడు కత్తి మామ. కాగితం కోసే మెషీను ఆయనది, అందుకని ఆ పేరు.

"అన్నీ చదువుకోవాలంటే రిటైరై లైబ్రరీలో కూచో" అంది ప్రెస్సు పిన్ని. ఆవిడ బరువులు బిగించే చోట ఉంటుంది, మాట కూడా అలాగే వేస్తుంది.

ఎంచుకోవడానికి రెండు రోజులు. కత్తి మామ ఒక బాక్సింగ్ యోధుడి జీవితం పట్టుకున్నాడు. జిగురు బాబాయి రైలు పెట్టెల్లో పక్కలు పరిచే నల్ల కార్మికులు సంఘం పెట్టుకున్న చరిత్ర తీశాడు. నేను నా లెక్క ప్రకారం వెళ్ళాను. నా లెక్క చాలా సింపుల్. పుస్తకం లావుగా ఉండాలి. మనిషి గొప్పవాడై ఉండాలి. పుస్తకంలో కనీసం పది ఉపన్యాసాలుండాలి. అలాంటిది దొరికింది కూడా. బానిసగా పుట్టి, దొంగచాటుగా అక్షరాలు నేర్చుకుని, వేలమందిని లేపి నిలబెట్టిన ఒక నాయకుడి జీవితం, ఆరువందల పేజీలు. మధ్యలో ఒక ఉపన్యాసం చూసి నా గొంతు దానంతటదే సవరించుకుంది. అది చదివితే ప్రెస్సు పిన్ని కళ్ళు తుడుచుకుంటుందని అక్కడే తేల్చేసుకున్నాను.

మా తోడికోడలు మాత్రం ప్రతి పుస్తకాన్నీ వెనక నుంచి తెరుస్తోంది.

"ఏమే, పుస్తకం తిరగేసి చదవడం పత్రికాఫీసులో నేర్పారా?" అన్నాను, నలుగురూ నవ్వేలా. నవ్వారు కూడా.

"లేదక్కా. రాసినవాళ్ళకి ఈ సంగతి ఎక్కడ దొరికిందో చివర ఉంటుంది కదా, అది చూస్తున్నా. ఇదిగో, దీంట్లో వంటమనిషి తన యజమానితో నాలుగు పేజీలు మాట్లాడుతుంది. వెనక చూస్తే ఒక్క ఉత్తరం లేదు, ఒక్క సాక్ష్యం లేదు. ఆవిడ మాటలన్నీ ఈయనే ఊహించి రాశాడు. కథైతే సరేగానీ, చరిత్ర అన్నాక ఆవిడ మాట ఆవిడదే అయుండాలి కదక్కా?"

ఎవరూ నవ్వలేదు. జిగురు బాబాయి తన చేతిలో పుస్తకం నెమ్మదిగా వెనక్కి తిప్పి చివరి పేజీలు చూడటం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది. తొమ్మిదేళ్ళలో నేను ఏ పుస్తకానికీ చివరి పేజీలు చూడలేదు. ఆ పేజీలు ఉత్త చెత్త అని వాళ్ళకి చెప్పిందీ నేనే.

రెండో రోజు టీ టైములో, తీసినవాళ్ళు తలా ఒక పేజీ చదవాలి. నేను ఉపన్యాసం చదివాను. చదివానంటే మామూలుగా కాదు, కప్పులు వణికేలా చదివాను. చప్పట్లు కొట్టారు. తర్వాత మా తోడికోడలు ఒక సన్నటి, రంగు వెలిసిన పుస్తకం తీసింది. అట్ట మీద బొమ్మ కూడా లేదు.

"బానిసత్వం పోయాక నల్లవాళ్ళు వాళ్ళవాళ్ళ కోసం పేపర్లలో ప్రకటనలు వేయించేవాళ్ళట" అంది. "తల్లి ఒక చోటికీ, పిల్లలు ఒక చోటికీ అమ్ముడుపోయేవాళ్ళు కదా. ఇరవై ఏళ్ళకి, ముప్పై ఏళ్ళకి స్వేచ్ఛ వచ్చాక, మా అమ్మ ఎక్కడుందో తెలిస్తే చెప్పండి అని వేయించేవాళ్ళు. ఈ రచయిత్రి అలాంటి ప్రకటనలు పోగేసి, వాటి చుట్టూ చరిత్ర రాసింది."

ఒక్కటే చదివింది. ఆరు లైన్లు. ఒకతను తల్లిని వెతుకుతున్నాడు. తనకి ఆరేళ్ళప్పుడు విడదీశారు, ఆమె కుట్టుపని చేసేది, బండి వెంట మలుపు దాకా పరిగెత్తింది, ఆ తర్వాత తెలీదు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. కౌంటర్లో ఎవరో చెప్తుంటే రాసుకుని, సరిగ్గా ఉందా అని తిరిగి చదివి వినిపించినట్టుంది. చప్పట్లు లేవు. కత్తి మామ కప్పు కింద పెట్టడం మర్చిపోయాడు.

మా దగ్గర ఓటు వెయ్యడం ఇలాగ: మడతలు నొక్కడానికి ప్రతివాళ్ళకీ ఒక నున్నటి ఎముక బద్ద ఉంటుంది, గుర్తుకి తలా ఒక రంగు దారం చుట్టుకుంటాం. నచ్చిన పుస్తకం మీద ఆ బద్ద పెట్టాలి. బాక్సింగ్ యోధుడి మీద ఒకటి, కత్తి మామది. రైలు కార్మికుల మీద ఒకటి, జిగురు బాబాయిది. సన్న పుస్తకం మీద ఎనిమిది, అందులో ప్రెస్సు పిన్నిది కూడా. నా ఆరువందల పేజీల మీద రెండు. ఒకటి నాది. రెండోది ఎవరిదా అని దారం చూశాను. పసుపు. మా తోడికోడలిది.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికెవత్తో. నా తోడికోడలు నవ్వినా బాగుండేది. నాకు ఓటేసింది.

"నువ్వు నీ పుస్తకానికే వేసుకోవచ్చు కదే?" అన్నాను, పళ్ళ మధ్యనుంచి.

"మీరు చదివింది వింటే ఒళ్ళు జలదరించిందక్కా. అందుకే" అంది. నిజమే చెప్పింది. దానితో వచ్చిన చిక్కే అది. ఎప్పుడూ నిజమే చెప్తుంది.

స్టూలు ఎక్కింది. నేను దాని బల్ల దగ్గర కూచుని దాని వాటా ఫారాలు కుట్టాను. తొమ్మిదేళ్ళ తర్వాత నా వేళ్ళకి సూది కొత్తయింది. మొదటి రోజు ఏడుసార్లు గుచ్చుకుంది, కావాలంటే లెక్క చూపిస్తాను. అది చదువుతుంటే కత్తి మామ మెషీను ఆపేశాడు. నేను చదివేటప్పుడు ఆ మెషీను ఒక్కరోజు ఆగలేదు. నా గొంతు దాన్ని దాటి వినబడేది, నాకదే గొప్పగా ఉండేది. ఇప్పుడు ఆయనే లేచి స్విచ్చి తీసేసి, "ఊఁ, చదువమ్మా" అంటున్నాడు.

ఏకై వచ్చి మేకై కూచోవడం అంటే ఇదే అనుకున్నాను. మధ్యాహ్నం టీ దగ్గర కూడా ఆ ప్రకటనల మాటే. ఆ అన్న దొరికుంటాడా, ఆ భార్య ఇంకో పెళ్ళి చేసుకునుంటుందా, పేర్లు మార్చేశాక ఎలా పోల్చుకుంటారు. జిగురు బాబాయి ఇంట్లో కూడా చెప్తున్నాడట. నేను చదివిన పుస్తకం ఒక్కటైనా ఆయన ఇంటి గడప దాటిందా? అడగలేదు, ఏం చెప్తాడో అని భయం. ఇంటికెళ్ళాక మా ఆయన, "తమ్ముడు చెప్పాడు, మరదలు షాపులో బాగా చదువుతోందటగా" అన్నాడు. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. ఆయన ఏమీ అనకుండా తిన్నాడు.

ఆరో రోజు టీ టైములో అందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు. స్టూలు పక్క బల్ల మీద దాని పుస్తకం విప్పిన ఫారాలుగా దొంతర పెట్టి ఉంది. మూలల్లో పెన్సిలుతో నంబర్లు, దాని చేతిరాతే. ఆ పుస్తకం విప్పింది అదే కాబట్టి పుస్తకానికి కట్టిన పూచీ చీటీ మీద పేరూ దానిదే. పదో ఫారం ఆ రోజు చదువుతోంది. నేను పదకొండోది లాగేశాను. ఆలోచించి చేశానంటే అబద్ధం, ఆలోచించకుండా చేశానన్నా అబద్ధమే. మర్నాడు చదువుతూ చదువుతూ టక్కున ఆగిపోవాలి, తడబడాలి, అందరూ చూడాలి. నేను కోరుకున్నది అంతే. ఫారాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచి అడుక్కి తోశాను.

మర్నాడు నేననుకున్నట్టే ఆగిపోయింది. ఒక స్త్రీ తన చెల్లెలి కోసం వేయించిన ప్రకటన. విడదీసినప్పుడు చెల్లెలికి నాలుగేళ్ళు. "ఇప్పుడు దాని పేరేమిటో నాకు తెలియదు. చూస్తే గుర్తుపట్టడానికి దాని ఎడమ చెవి వెనక" దగ్గర పదో ఫారం అయిపోయింది. అది చెయ్యి చాపి తర్వాతది తీసి, చూసి, దొంతరంతా తిరగేసింది.

"చెవి వెనక ఏంటి?" అన్నాడు జిగురు బాబాయి.

"పదకొండు లేదు" అంది.

నేను తల వంచుకుని సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఎక్కదే! గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు అయిపోతానేమోనని, అందరికంటే ముందు లేచి బల్లల కింద వెతికాను. అందరూ వెతికారు. అట్టల కింద, ప్రెస్సు వెనక, చెత్తబుట్టలో. అది తడబడిందనీ, పని రాదనీ ఎవరైనా అంటారేమోనని చెవులు రిక్కించాను. ఒక్కళ్ళూ అనలేదు. "నువ్వేం బెంగపడకమ్మా, ఎక్కడికీ పోదు" అని ప్రెస్సు పిన్ని దాని వీపు నిమిరింది. తప్పు దాని మీద వేసినా ముద్దు దానికే! ఏం చేసినా దాని విస్తట్లోనే పడుతోంది.

సాయంత్రం మేస్త్రీ అందరినీ పిలిచాడు. మంచివాడే, కానీ రూలు దగ్గర గోడ. "ఫారం పోతే లైబ్రరీకి ఉత్తరం రాయాలి. చీటీ మీద పేరున్నవాళ్ళు షాపులో ఉండకూడదు. ఇది నేను పెట్టిన రూలు కాదు, మా నాన్న హయాం నుంచీ ఉంది. శనివారం దాకా చూస్తాను. దొరక్కపోతే, అమ్మా, సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

నేను కోరుకున్నది తడబాటు, దాని పని ఊడటం కాదు. ఆ మాట ఇప్పుడు ఎవరితో చెప్పుకోను?

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, స్టవ్ మీద గిన్నె పెట్టి, వంటింట్లో బల్ల దగ్గర ఫారం తీశాను. రేపు ఎక్కడ పడేస్తే సహజంగా దొరుకుతుందా అని ఆలోచిస్తూ, మడతలు విప్పి, మొదటి లైను చూశాను. చూడకుండా ఉండాల్సింది.

"కాలిన మచ్చ ఉంటుంది. పొయ్యి దగ్గర దాన్ని ఎత్తుకుని నేనే జారవిడిచాను. ఆ మచ్చ నా వల్ల అయింది. అది తప్ప దాన్ని పోల్చుకోవడానికి నా దగ్గర ఇంకే గుర్తూ లేదు."

గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయి మాడు వాసన వచ్చేదాకా అలాగే కూచున్నాను. కింద రచయిత్రి రాసింది, ఇలాంటి ప్రకటనల్లో చాలావాటికి జవాబు వచ్చిందో లేదో ఎవరికీ తెలియదట. ఈమెకి వచ్చినట్టు కూడా ఎక్కడా లేదట. నాకు ఏడుపొచ్చింది. ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి ఒక్కళ్ళు లేరు, ఎందుకంటే ఇది నా దగ్గరుందని ఎవరికీ తెలియకూడదు.

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడు. మా తోడికోడలు. "అక్కా, ఏదో మాడుతోంది" అంటూ వచ్చి స్టవ్ ఆపింది. నేను ఫారం మీదకి పేపరు లాగాను. అది బల్ల వైపు ఒకసారి చూసి, "తలనొప్పా అక్కా? నేను వండి పంపిస్తాలెండి" అని వెళ్ళిపోయింది. పేపరు కింద నుంచి ఒక మూల బయటికే ఉంది. ఆ మూలలో పెన్సిలుతో పదకొండు. అది చూసిందో లేదో నాకు తెలియలేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూచున్నాను. కాసేపటికి పై నుంచి కూర వచ్చింది, మా ఆయన రెండుసార్లు వడ్డించుకున్నాడు.

గురువారం, శుక్రవారం ఫారం నా సంచిలోనే షాపుకొచ్చి నా సంచిలోనే ఇంటికెళ్ళింది. పెట్టడానికి చోటు లేదు. వాళ్ళు వెతకని చోటంటూ మిగల్లేదు మరి. స్టూలు ఖాళీగా ఉంది. "చదువులక్కా, పోనీ నీ పుస్తకం చదవరాదూ?" అని జిగురు బాబాయే అడిగాడు. ఏ పిలుపు కోసం ఇంత గడ్డి కరిచానో ఆ పిలుపు వచ్చింది. ఎక్కి ఉపన్యాసం మొదలుపెట్టాను. రెండు పేజీలయ్యాక చూస్తే, అందరూ తలలు వంచుకుని మర్యాదగా కుట్టుకుంటున్నారు. కత్తి మామ మెషీను నడుస్తూనే ఉంది. దిగిపోయాను.

శనివారం పొద్దున్నే, అందరికంటే ముందొచ్చాను. వెతికిన చోటైనా సరే, ప్రెస్సు వెనక, గోడకీ బరువుకీ మధ్య సందులో తోసేస్తే, "ఇదిగో" అని ఎవరో ఒకళ్ళు అరుస్తారు, పీడా విరగడవుతుంది. సంచిలోంచి తీసి, మడతలు విప్పి, అరచేత్తో సాపు చేస్తున్నాను. వెనక నుంచి జిగురు బాబాయి కేక పెట్టాడు.

"దొరికిందా! చదువులక్క కనిపెట్టేసిందర్రోయ్!"

ఒక్కొక్కళ్ళే లోపలికొస్తున్నవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. ప్రెస్సు పిన్ని నా బుగ్గలు పట్టుకుని, "నా తల్లే" అంది. పదిరోజుల తర్వాత అందరి కళ్ళూ నా మీద ఉన్నాయి. నోరు మూసుకుంటే చాలు. మూసుకున్నాను.

కత్తి మామ ఫారం అందుకున్నాడు. కాగితాన్ని వెలుతురుకి పెట్టాడు. ఆయన నవ్వు ఆగిపోయింది.

"ఇది సందులో పడింది కాదు" అన్నాడు. "అచ్చు మీద అడ్డంగా మడత ఉంది. నాలుగు మడతలు. మనలో ఎవరూ అచ్చు మీద మడత పెట్టరు. పని నేర్చుకున్న రోజు నుంచీ చేతికి ఆ అలవాటుండదు. దీన్ని ఎవరో దాచిపెట్టుకున్నారు."

నిజం. బైండింగ్ పనిలో ముప్పై ఏళ్ళుండి, అచ్చు మీద అడ్డంగా మడత పెట్టింది నేను. ఇంకెక్కడైనా అది ఉత్త మడత. మా షాపులో అది దొంగ వేలిముద్ర. అందరూ కాగితాన్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. మేస్త్రీ కూడా వచ్చి నిలబడ్డాడు.

"ఎక్కడ దొరికిందమ్మా నీకు?" అన్నాడు.

అప్పుడు మా తోడికోడలు ముందుకొచ్చింది.

"నేనే మడిచానండి" అంది. "ఆ ఫారం తడి ఆరలేదు. ఇంటి దగ్గర ఆరబెడదామని సంచిలో పెట్టుకెళ్ళి అక్కకిచ్చాను. ఇచ్చిన సంగతే మర్చిపోయాను. అక్క ఇవాళ చూసి తెచ్చింది. తప్పు నాదే."

ఎప్పుడూ నిజమే చెప్పే మనిషి, అంత నున్నగా అబద్ధం ఆడేసింది. అప్పుడర్థమైంది, ఆ రోజు వంటింట్లో అది మూల చూసింది. చూసి మూడు రోజులు నోరు మెదపలేదు. కూర పంపించింది.

మేస్త్రీ మొహం మెత్తబడింది. "కొత్త పిల్లవి, అలవాటు లేక చేశావు. ఫారం దొరికింది కాబట్టి ఈసారికి వదిలేస్తున్నా" అన్నాడు. ప్రెస్సు పిన్ని దాని తల నిమిరింది. "అమాయకురాలు" అంది. కత్తి మామ ఇంకా నన్నే చూస్తున్నాడు. ఆయన నమ్మలేదు.

నేను బయటపడ్డాను. స్టూలు, పని, పేరు, అన్నీ నిలబడ్డాయి. చేతులు జోడించి ఊరుకోవాల్సింది. మనిషన్నవాళ్ళు ఎవరైనా అదే చేస్తారు. కానీ అందరూ దాన్ని చూస్తున్న చూపు చూశాను. నా స్టూలు తీసుకుంది. వీళ్ళ చెవులు తీసుకుంది. ఇంట్లో నా మొగుడి మెప్పు తీసుకుంది. ఇప్పుడు నా తప్పు కూడా అదే మొయ్యాలా? మోసి, ఇంకో మెట్టు ఎక్కాలా? నేను జీవితాంతం దాని మొహం చూసినప్పుడల్లా కృతజ్ఞతతో చావాలా?

"అబద్ధం" అన్నాను.

"అక్కా" అంది అది, ఆపడానికి.

"నువ్వు నోరుముయ్యి. దీనికేం తెలీదు మేస్త్రీ. టీ టైములో నేను తీశాను. సంచిలో పెట్టుకున్నాను. మడత నాదే. దీని మీద కుళ్ళుతో తీశాను. ఎనిమిది బద్దలు పడ్డ రోజు నుంచీ నాకు తిండి సయించట్లేదు. చాలా?"

మేస్త్రీ రూలు గుర్తు చేసుకుంటున్నట్టు పైకి చూశాడు. కావాలని ఫారం దాచినవాళ్ళ మీద రూలేం లేదు మా దగ్గర. అలాంటి బుద్ధి ఎవరికైనా పుడుతుందని వాళ్ళ నాన్నకి తోచలేదు పాపం. చివరికి, "నువ్వు ఏడాది పాటు చదవడం లేదు, చదువుకి పుస్తకం తియ్యడం లేదు. వెనక పార్సిల్ గదిలో కూచో" అన్నాడు. సరే అన్నాను. అది చిన్న శిక్షేమీ కాదు, దాని బరువెంతో ఆ గదిలో అందరికీ తెలుసు.

"సరే సరే, తర్వాత తిట్టుకుందాం" అన్నాడు జిగురు బాబాయి. "ముందు ఆ పిల్ల చెవి వెనక ఏముందో చదవండి. మూడు రోజులైంది నిద్ర పట్టక."

మా తోడికోడలు ఫారం తీసుకుని నా వైపు చాపింది. "ఈ ఒక్కటీ మీరు చదవండక్కా" అంది. నేను తల అడ్డంగా ఊపి వెనక గదిలోకి నడిచాను. తలుపు వెయ్యలేదు.

కత్తి మామ మెషీను ఆపాడు. అది స్టూలెక్కి, పదో ఫారం చివరి లైను నుంచి మళ్ళీ అందుకుంది, ఆ మామూలు గొంతుతోనే. రాబోయే వాక్యం ఆ షాపులో నా ఒక్కదానికే తెలుసు. దాన్ని నేను దొంగతనంగా, మాడిపోతున్న గిన్నె పక్కన ఒంటరిగా చదివేశాను. ఇక మొదటిసారి వినే యోగం నాకు లేదు. అట్టపెట్టెల మధ్య నుంచి చూశాను. సూదులు ఆగిపోయాయి. ప్రెస్సు పిన్ని జిగురు బాబాయి చెయ్యి పట్టుకుంది. "ఆ మచ్చ నా వల్ల అయింది" అని అది చదివినప్పుడు పదిమంది ఒక్కసారి ఊపిరి పీల్చారు, అందరూ కలిసి. మా తోడికోడల్ని వదిలేసి నా కుళ్ళంతా అప్పుడు ఆ పదిమంది మీదికి మళ్ళింది.